బోర్లా వేసిన శిలాఫలకం

మా వార్డులో కౌన్సిలర్ ఎవరని అడిగితే బడిపిల్లలు కూడా మా ఆయన పేరే చెప్పేవాళ్లు. ఎన్నికల్లో నిలబడింది నేను, గెలిచింది నేను, అందరి ముందు ప్రమాణం చేసింది నేను. కానీ "కౌన్సిలర్ సాబ్ ఉన్నడా" అంటూ వాకిట్లోకి వచ్చేవాళ్లు, నేను ఎదురుగా నిలబడి ఉన్నా, నా భుజం మీదుగా ఇంట్లోకి తొంగి చూసేవాళ్లు. వాళ్లకు చాయ పెట్టి ఇచ్చేది కూడా నేనే.

తప్పు వాళ్లది కాదు. వార్డు జనరల్ అవుతుందని నమ్మి మా ఆయన చాలా ముందు నుంచే ఏ పెళ్లీ ఏ చావూ విడిచిపెట్టకుండా తిరిగాడు. బోనాల పండుగకు తన నిలువెత్తు ఫొటోతో ఫ్లెక్సీలు కట్టించాడు. తీరా చూస్తే వార్డు మహిళలకు రిజర్వ్ అయింది. ఆ పూట ఆయన అన్నం ముట్టలేదు. మర్నాటికి తేరుకుని, అదే ఫ్లెక్సీలో తన ఫొటోను కొంచెం పక్కకు జరిపించి, మా పెళ్లినాటి ఫొటోలోంచి నా తల ఒక్కటి కత్తిరించి ఆ సందులో పెట్టించాడు. నేను రాజకీయాల్లోకి వచ్చిన తీరు అది.

నా పుట్టినూరు పెద్దవంగర దగ్గర. మా నాయిన కాలంలో ఊరి పంచాయతీ చాలాసార్లు మా ఇంటి అరుగు మీదే జరిగేది. నచ్చని మాట వినబడితే ఎవరైనా లేచి అరిచేవాళ్లు. అరిచి, నీళ్లు తాగి, మళ్లీ కూర్చునేవాళ్లు. సభ అంటే అదేనని అనుకుంటూ పెరిగాను. మున్సిపాలిటీకి వచ్చాక తెలిసింది, సభలో అరిచే పని ఆడవాళ్లది కాదని. ముందు వరుసలో మేము కూర్చునేవాళ్లం. మా వెనక ప్లాస్టిక్ కుర్చీల్లో మా మొగుళ్లు, లేకపోతే బావలు, మరుదులు కూర్చునేవాళ్లు. చైర్మన్ మమ్మల్ని పేరుపెట్టి పిలిస్తే వెనక నుంచి మగ గొంతు పలికేది. మా పని చేతులెత్తడం. చేతులు ఎప్పుడెత్తాలో కూడా వెనక నుంచే దగ్గి చెప్పేవాళ్లు.

ఇక నా వార్డు. పట్టణం అయిపోయే చోట మా ఇల్లు. మా ఇల్లు దాటితే పెద్ద మురుగు మోరీ, మోరీ దాటితే లంబాడీల తండా. మున్సిపాలిటీ చేసిన రోజుల్లో ఆ తండాను కూడా పట్టణంలో కలిపారు. కలిపిన నాడు డప్పులు కొట్టించి మిఠాయి పంచారు. పట్టణంలో కలిసినందుకు తండాకు ఒక స్వాగత బోర్డు, కొత్త ఇంటి పన్ను వచ్చాయి. అది పల్లెలకే ఇచ్చే పథకం కాబట్టి చేతిలో ఉన్న ఉపాధి హామీ పని పోయింది. పట్టణంలోని మురికంతా మాత్రం ఏ లోటూ లేకుండా వచ్చి వాళ్ల ముందునుంచే పారేది. నేను కాపురానికి వచ్చినప్పుడు అది వాగు. ఎండాకాలంలో ఇసుక కనబడేది. మా పట్టణం అభివృద్ధి చెంది దాన్ని మోరీ చేసింది.

దాని మీద ఒకప్పుడు తూములు వేసి మట్టి పోసిన దారి ఉండేది. ఒక వానకు తూములు కొట్టుకుపోయాయి. అప్పటినుంచి ఆటో గానీ ట్రాక్టర్ గానీ తండాలోకి పోవాలంటే పొలాల గట్ల వెంబడి చాలా దూరం తిరగాలి. వాన పడితే ఆ గట్ల మీద మనిషి నడవడమే కష్టం.

ఆ తండాలో ఒకామె ఉంది. నాకంటే కొంచెం చిన్నది. నన్ను అక్కా అంటుంది, నేను చెల్లే అంటాను. మిరప చేన్లలో కూలికి పోతుంది. ఆమె భర్త ఆటో నడిపేవాడు. మంచి మాటకారి, ఎక్కినవాళ్లను నవ్వించి దింపేవాడు. ఆయనకు రెండు కిడ్నీలూ ఖరాబయ్యాయి. వారం తప్పకుండా పెద్ద దవాఖానకు పోయి డయాలిసిస్ చేయించుకోవాలి, ఒక్క వారంలోనే మళ్లీ మళ్లీ పోవాలి. ఆటో ఇప్పుడు ఆమె తమ్ముడు నడుపుతాడు. అది మోరీ దాటలేదు, గట్ల మీది కుదుపులు ఆయన తట్టుకోలేడు కాబట్టి మా ఇంటి గోడ పక్కనే నిలుపుకుంటారు. దవాఖానకు పోయే రోజు ఆయనను నీలం రంగు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, ఇద్దరు మోసుకుని మోకాళ్లలోతు మురికినీళ్లలో దిగి ఇవతలికి తెచ్చేవాళ్లు. వచ్చేటప్పుడు మళ్లీ అట్లాగే. మా వాకిలి ముందునుంచి పోయేటప్పుడు ఆయన మొహం అటు తిప్పుకునేవాడు. ఊరందరినీ ఎక్కించుకుని తిప్పిన మనిషి తనను ఇట్లా మోస్తుంటే నేను చూడటం ఆయనకు ఇష్టం లేదు. నేను కూడా ఏదో పని ఉన్నట్టు లోపలికి పోయేదాన్ని. ప్రాణం ఉసూరుమనేది.

ఆమె మాత్రం సిగ్గుపడేది కాదు. కుర్చీ పక్కన నీళ్లలో నడుస్తూ, మోరీని తండా భాషలో నోరారా తిట్టేది. ఏమంటున్నావని అడిగితే "నీకెందుకులే అక్కా, వింటే తానం జెయ్యాలె" అనేది.

అక్కడ కల్వర్టు కావాలని నేను గెలిచిన కొత్తలోనే అడిగాను. అంటే, నా వెనక కుర్చీలోంచి మా ఆయన అడిగాడు. మంజూరైంది. ఎమ్మెల్యే వచ్చి కొబ్బరికాయ కొట్టి, గడ్డపారతో ఇంత మట్టి పెకిలించి, శిలాఫలకం మీది పరదా లాగాడు. మిలమిలలాడే నల్ల రాయి, మీద బంగారు రంగు అక్షరాలు. అంతా చప్పట్లు కొట్టాం. మర్నాడే ఎమ్మెల్సీ మనుషులు వచ్చి ఆఫీసు ముందు కూర్చున్నారు. రాయి మీద ఎమ్మెల్సీ పేరు చైర్మన్ పేరు కింద ఉందట. ప్రోటోకాల్ తప్పిందట. దాంతో ఇంకో రాయి చెక్కించారు. దాంట్లో ఎమ్మెల్సీ పైకి వచ్చాడు గానీ అక్షరాలు ఎమ్మెల్యే అక్షరాల కంటే లావుగా పడ్డాయి. ఈసారి ఎమ్మెల్యే మనుషులు కూర్చున్నారు. అట్లా రాయి తర్వాత రాయి చెక్కిస్తూనే పోయారు. కల్వర్టు జానెడు కూడా లేవలేదు. దాని శిలాఫలకాలు మాత్రం మున్సిపల్ ఆఫీసు వెనక, మూత్రశాల గోడకు ఆనించి, ఒకదాని పక్కన ఒకటి చేరాయి.

ఒకరోజు మా చెల్లె దరఖాస్తు ఇవ్వడానికి ఆఫీసుకు వచ్చి ఆ రాళ్లు చూసింది. చేత్తో తట్టి చూసింది.

"అక్కా, గివి ఊకెనే ఉన్నయి గదా. మాకిప్పియ్యరాదు. మోరీ మీద ఏస్కుంటం."

నాకు నవ్వు వచ్చింది, ఆ వెంటనే మంచి ఆలోచనే అనిపించింది. రాళ్ల మీద పేర్లున్నవాళ్లంతా ఆ మోరీ మీద ఏదో ఒకటి వేస్తామని మాటిచ్చినవాళ్లే. చెత్త ట్రాక్టర్ వాళ్లను అడిగితే, అడ్డం పోతుందని సంతోషంగా తెచ్చి దింపారు. తండా మగవాళ్లు ఎక్కడో విరిగిపడిన కరెంటు స్తంభాలు రెండు తెచ్చి మోరీకి అడ్డంగా పెట్టి, వాటి మీద రాళ్లు పరిచారు. ఆటో పట్టదు. కానీ కుర్చీ పట్టుకుని ఇద్దరు మనుషులు కాళ్లు తడవకుండా దాటొచ్చు. అక్షరాల మీద కాలు పెట్టకూడదని తండా పెద్దమనిషి పట్టుబట్టాడు. చదువు రాకపోయినా ఆయనకు అక్షరమంటే భక్తి. అందుకని రాళ్లను బోర్లా వేశారు. అక్షరాలన్నీ కిందికి, మోరీ నీళ్లకు ఎదురుగా.

"సూస్కుంట ఉంటరు తియ్యి, ఎంత కంపు గొడ్తదో ఆళ్లకు గూడ ఎర్కయితది" అంది మా చెల్లె.

ఇట్లా ఉండగా ఎమ్మెల్యే, ఎమ్మెల్సీ ఇద్దరూ కౌన్సిల్ సమావేశానికి వచ్చి పట్టణ సమస్యలు స్వయంగా వింటారని కబురొచ్చింది. వాళ్లు పదవి రీత్యా మా కౌన్సిల్లో సభ్యులే అయినా, అంతకుముందు సభకు వచ్చినట్టు నాకు గుర్తులేదు. ఆఫీసుకు సున్నం వేశారు. పనిచేయని ఫ్యాన్లకు కూడా రంగు వేశారు. పత్రికలవాళ్లు వస్తున్నారు కాబట్టి మహిళా సభ్యుల వెనక మగవాళ్లెవరూ కూర్చోవద్దని కమిషనర్ చేతులు జోడించి చెప్పాడు. ఆ మాట మా ఇంట్లో పిడుగు పడినట్టే పడింది. అంతకుముందు రోజంతా మా ఆయన నాకు మాట్లాడటం నేర్పాడు. ముందు ఎమ్మెల్యేకు కృతజ్ఞత, తర్వాత ఎమ్మెల్సీకి, తర్వాత చైర్మన్‌కు, చివరికి టైముంటే మోరీ.

సభ రోజు పొద్దున్నే హాలు నిండింది. మొగుళ్లందరినీ బయట నిలిపేశారు. వాళ్లు వరండాలో కిటికీకి ఒకరు చొప్పున సర్దుకుని, ఊచలు పట్టుకుని లోపలికి చూస్తూ నిలబడ్డారు. జైలుకు ములాఖత్‌కు పోయినట్టుంది. లోపల ఎవరున్నట్టో బయట ఎవరున్నట్టో మాత్రం నాకు అర్థం కాలేదు.

సభ శాలువాలతో మొదలైంది. ప్రతి వార్డు నుంచి ఒక శాలువా వచ్చింది, ఎమ్మెల్యేకు ఒకటి, ఎమ్మెల్సీకి ఒకటి. కప్పడం, ఫొటో కోసం ఆగడం, ఫొటో సరిగా రాలేదని మళ్లీ కప్పడం. ఎండలు మండే రోజులు. ఎమ్మెల్యే మొహం చెమటతో తడిసి ముద్దయింది. అయినా ఒక్క శాలువా కూడా వద్దనలేదు. వద్దంటే ఆ వార్డు వాళ్లు మనసులో పెట్టుకుంటారు. శాలువాల పని అయ్యేసరికి సమోసాలు వచ్చాయి. సమోసాలయ్యాక సమస్యలకు వచ్చాం.

మొదట కోతులు. ఒక వార్డు సభ్యురాలు, కోతులు వంటింట్లోకి వచ్చి గిన్నె మూత తీసి మరీ తింటున్నాయని చెప్పింది. అడవులు పోయినందుకే కోతులు ఊర్లోకి వచ్చాయని, అడవులు పోయింది గత పాలనలో అని ఎమ్మెల్యే వివరించాడు. ఎమ్మెల్సీ లేచి, ఆ పాలనలో ఎమ్మెల్యే ఏ పార్టీలో ఉన్నాడో గుర్తు చేశాడు. కోతుల మీద చర్చ అక్కడితో ఆగింది. నల్లా నీళ్లు రెండు రోజులకోసారి కూడా రావడం లేదని ఇంకొకామె చెప్పింది. అది పై శాఖ చూడాలన్నారు. వీధి దీపాల గురించి అడిగితే కరెంటోళ్లు చూడాలన్నారు. రైలు గేటు దగ్గర గంటల కొద్దీ నిలబడుతున్నామంటే అది ఢిల్లీ చూడాలన్నారు. చూడాల్సినవాళ్లు అందరూ ఎక్కడెక్కడో ఉన్నారు, మేం మాత్రం ఆ హాల్లో ఉన్నాం.

మా ప్రాంతంలో ఏ సభైనా చివరికి బయ్యారం దగ్గరికి చేరుతుంది. ఆ రోజు కూడా చేరింది. ఎమ్మెల్యే గొంతు పెంచి, బయ్యారంలో ఉక్కు ఫ్యాక్టరీ వస్తే మన పిల్లలకు కొలువులొస్తాయని, కొలువులుంటే ఇళ్లు కడతారని, ఇళ్లు కడితే పన్నులొస్తాయని, పన్నులొస్తే మోరీలు కట్టుకోవచ్చని మెట్టుమెట్టుగా చెప్పాడు. ఎమ్మెల్సీ కూడా ఇక్కడ ఎదురుచెప్పలేదు. ఫ్యాక్టరీ కావాలని ఏకగ్రీవంగా తీర్మానం చేశాం. కిటికీల దగ్గరి మొగుళ్లు కూడా ఊచల్లోంచి చేతులు పెట్టి చప్పట్లు కొట్టారు. మా బయ్యారం మట్టిలో ఇనుము ఎంతుందో గానీ, ఎందరి ఉపన్యాసాలకో బలం మాత్రం దాంట్లోంచే వచ్చింది.

నా వంతు వచ్చింది. లేచి నిలబడ్డాను. అబద్ధం ఎందుకు, ప్రమాణం రోజు తర్వాత అంతమంది ముందు నా గొంతు నేను వినడం అదే మొదటిసారి. కిటికీ దగ్గర మా ఆయన రెండు చేతులూ జోడించి చూపిస్తున్నాడు, కృతజ్ఞత మరిచిపోవద్దని. చెప్పాను. ఆ తర్వాత ఆయన నేర్పింది ఒక్కటీ గుర్తురాలేదు. మోరీ ఒక్కటే గుర్తుంది. దవాఖానకు పోయే మనిషిని కుర్చీలో మోసుకొస్తున్నారని, ఆటో ఇంటి దాకా పోయేటట్టు కల్వర్టు కట్టించమని అడిగి కూర్చున్నాను.

శంకుస్థాపన ఎప్పుడో అయిందని కమిషనర్ అన్నాడు. ఆ మాట వినగానే ఎమ్మెల్సీ లేచాడు. ఏ శంకుస్థాపన, తన పేరు కింద పెట్టిన శంకుస్థాపనేనా అన్నాడు. ఎమ్మెల్యే బల్ల చరిచాడు. అక్షరాల లావు గురించి, వరుస గురించి చాలాసేపు నడిచింది. మోరీ, తండా, కుర్చీలోని మనిషి ఎక్కడో కింద పడిపోయారు. మధ్యలో కమిషనర్ వంగి ఎమ్మెల్యే చెవిలో ఏదో అన్నాడు. బిర్యానీ డేగిశలు రావడానికి ఇంకా టైముందన్నాడని తర్వాత తెలిసింది. ఎమ్మెల్యే లేచి పత్రికలవాళ్ల వైపు తిరిగి, మాటలతో కాలం గడిపే మనిషిని కాదని, ఇప్పుడే పోయి చూస్తానని ప్రకటించాడు.

కార్లన్నీ వరుసగా వచ్చి మా ఇంటి ముందు ఆగాయి. ఎమ్మెల్యే చకచకా నడిచి రాళ్ల మీదుగా తండా వైపుకు దాటాడు. ఫొటోలో లేకుండా పోతానేమోనని ఎమ్మెల్సీ కూడా వెంటే దాటాడు. నేను, కమిషనర్, మా ఆయన ఇవతలే ఉన్నాం. అప్పుడే దవాఖాన నుంచి ఆటో వచ్చింది. కార్లు అడ్డం ఉండటంతో వెనకే ఆగిపోయింది. లోపల మా చెల్లె భర్త వాలిపోయి ఉన్నాడు. చేతికి దూది పెట్టి కట్టు కట్టారు. డయాలిసిస్ చేయించుకున్న రోజు మనిషి పిండిన బట్టలా ఉంటాడు. పోయి పడుకోవాలి. మా చెల్లె ఆటో దిగి వచ్చి నా పక్కన నిలబడింది.

అవతలి ఒడ్డున ఎమ్మెల్యే మైకు అందుకున్నాడు. మళ్లీ రాళ్ల మీదికి ఒక అడుగు వేసి, బరువంతా మోపి, రెండుసార్లు ఎగిరి చూపించాడు.

"గిది బ్రిడ్జి గాదా? ఎంత మజ్బూత్ ఉన్నది. ఎవరు కట్టిచ్చిన్రు?"

కమిషనర్ ఇవతలి నుంచి వినయంగా, మున్సిపాలిటీ తరఫునే సార్ అన్నాడు. ఎమ్మెల్యే సంతోషించాడు. మంచి రాయి వాడారని మెచ్చుకున్నాడు. దారి ఉండనే ఉంది కాబట్టి కల్వర్టు నిధులు వృథా చేయొద్దని, వాటితో మెయిన్ రోడ్డు మీద పట్టణానికి పెద్ద స్వాగత కమాన్ కట్టుకుందామని అక్కడికక్కడే తేల్చేశాడు. కమాన్ మీద ఎవరి బొమ్మ ఉండాలనే దాని మీద ఎమ్మెల్సీ తన అభిప్రాయం చెప్పడం మొదలుపెట్టాడు.

మా చెల్లె అరవలేదు, తిట్టలేదు. నా చేయి పట్టుకుంది.

"అక్కా, ఇగ కట్టరా?"

అంతే అడిగింది. ఆ అడగడంతో నా ఒళ్లంతా మండిపోయింది. మా నాయిన అరుగు మీద విన్న అరుపులన్నీ ఒక్కసారి గొంతులోకి వచ్చాయి. మా ఆయన వెనక నుంచి దగ్గుతూనే ఉన్నాడు. నేను మోరీ ఒడ్డుకు పోయి అరిచాను.

"సార్, మీరు తొక్కుకుంట పోయింది మీ పేర్లనే. రాయి తిప్పి సూడున్రి."

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత ఎమ్మెల్యే మనిషి ఒకడు వంగి ఒక రాయిని పైకి లేపాడు. పాకురు పట్టింది. చేతిరుమాలుతో తుడిస్తే బంగారు అక్షరాలు బయటపడ్డాయి, శ్రీ శ్రీ శ్రీ అని మొదలుపెట్టి. ఎమ్మెల్సీ వంగి చదివాడు. తన పేరు చైర్మన్ పేరు కిందే ఉంది. ఇదే, ఈ రాయే, తను మొదటినుంచి చెబుతున్నది ఇదేనని, ఫొటో తీయమని పత్రికలవాళ్లను పిలిచాడు. ఎమ్మెల్యే మొహంలో రంగు మారింది. ఇంతసేపు తన పేరు మీద తనే ఎగిరాడు, దాన్ని అన్ని కెమెరాలూ తీశాయి. కమిషనర్‌కు చెమటలు పట్టాయి. రాళ్లు తీయండి, వెంటనే తీయండి అని కేకలు పెట్టాడు. మున్సిపల్ మనుషులు గడ్డపారలతో ఉరికారు. నాయకుల పేర్లున్న రాళ్లు కాబట్టి జాగ్రత్తగా ఎత్తారు. చెత్త ట్రాక్టర్‌లో పెట్టేముందు, పొద్దున కప్పిన శాలువాల్లోంచే కొన్ని తెచ్చి వాటి మీద కప్పారు. ఆ హడావుడిలో కింద ఉన్న స్తంభం ఒకటి దొర్లి మోరీలో పడింది. కెమెరాలు అందుకునేలోపు ట్రాక్టర్ మలుపు తిరిగిపోయింది. అంత వేగంగా మా మున్సిపాలిటీ ఏ పనీ చేయడం నేను చూడలేదు.

ట్రాక్టర్ చప్పుడు ఆగాక అందరం మోరీ వైపు చూశాం. ఎమ్మెల్యే, ఎమ్మెల్సీ, వాళ్ల వెంట పోయినవాళ్లు అవతలి ఒడ్డున ఉన్నారు. కార్లు, మైకు పెట్టె, బిర్యానీ ఇవతల ఉన్నాయి. మధ్యలో జానెడు వెడల్పున్న స్తంభం ఒక్కటి మిగిలింది.

"మరి మేమెట్ల వచ్చేది?" అన్నాడు ఎమ్మెల్యే. మైకు ఇంకా చేతిలోనే ఉంది, ఆ మాట వీధంతా వినబడింది.

పొలాల గట్ల మీదుగా దారి ఉందని, కాకపోతే చాలా దూరమని, కారు పట్టదని కమిషనర్ నసిగాడు. ఎమ్మెల్యే తన తెల్లబట్టల వైపు, నీళ్ల వైపు చూసుకున్నాడు. ఆ పూటకు నాకు నవ్వు రాలేదు. అరిచి నేనేం సాధించాను? ఉన్న ఆ కాస్త దారి కూడా పోయింది. ఆటోలో మనిషి కళ్లు మూసుకుని ఉన్నాడు. ఈ మురికినీళ్లలో ఆయనను మళ్లీ మోసుకుపోవాలి. ఆ తప్పు నాదేనని అనిపించి ఏడుపొచ్చింది.

మా చెల్లె అప్పటికే ఆటో మీద కట్టిన నీలం కుర్చీ విప్పింది. అది చూసి ఎమ్మెల్యే గన్‌మన్ అవతలి నుంచి కేకేశాడు, ఆ కుర్చీ ఇటు తెమ్మని. ఆమె తలెత్తి చూసింది.

"ఇస్త సార్. ముందుగాల మా ఇంటాయన దాటాలె. పొద్దుగాల్నుంచి సూదులు గుచ్చిపిచ్చుకొని వచ్చిండు."

ఆయనను కుర్చీలో కూర్చోబెట్టారు. ఆమె తమ్ముడు ఒకవైపు, తండా మనిషి ఒకవైపు పట్టుకుని నీళ్లలోకి దిగారు. కెమెరాలన్నీ వాళ్ల వైపు తిరిగాయి. ఇన్నేళ్లుగా మా వాకిలి ముందు మొహం తిప్పుకుని పోయిన మనిషి ఆ రోజు తిప్పుకోలేదు. అవతలి ఒడ్డు ఎక్కాక, ఎమ్మెల్యే పక్కనుంచి పోతూ, కట్టు కట్టిన చేతిని మెల్లగా ఎత్తి నమస్తే పెట్టాడు. ఎమ్మెల్యే మైకు ఎవరికో ఇచ్చేసి రెండు చేతులతో దండం పెట్టాడు. ఆ రోజు పొద్దుటినుంచి ఆయన ఏమీ మాట్లాడని క్షణం అదొక్కటే.

తర్వాత కుర్చీ ఎమ్మెల్యే కోసం తిరిగొచ్చింది. ఇద్దరితో కాలేదు, నలుగురు పట్టారు. ఆ నాలుగో మనిషి మా ఆయన. పెళ్లినాడు కూడా కాలికి తడి తగలనీయని మనిషి, ప్యాంటు మడిచి మోకాళ్లలోతు మోరీలో దిగి, ఎమ్మెల్యే కుర్చీ కాలు పట్టుకుని వచ్చాడు. ఆ తర్వాత ఎమ్మెల్సీ. ఎవరు ముందు ఎవరు వెనక అని ఆ రోజు ఎవరూ ప్రోటోకాల్ అడగలేదు.

సాయంత్రానికి ఆ వీడియో అందరి ఫోన్లలోకి ఎక్కింది. దేవరుప్పులలో పెళ్లికి పోతే భోజనాల బంతిలో కూడా దాని గురించే అడిగారు. కమాన్ మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. వానలు మొదలుకాకముందే కల్వర్టు కట్టడం అయిపోయింది. అవసరం కంటే వెడల్పుగానే కట్టారు. శిలాఫలకానికి ప్రత్యేకంగా గద్దె కట్టి టైల్స్ అంటించారు. ఈసారి పేర్లు, అక్షరాల లావు అన్నీ కొలిచి చెక్కించారు. జాగా సరిపోక నా పేరు అడుగున చీమంత అయింది. రాయి గోడకు గట్టిగా అతికించారు, ఎవరూ పీకి బోర్లా వేయకుండా.

ప్రారంభం రోజు పొద్దున్నే రిబ్బన్ కట్టి, ముగ్గు వేసి, పూలు చల్లారు. ఎమ్మెల్యే ఇదిగో వస్తున్నాడు, అదిగో వస్తున్నాడు అంటున్నారు. ఎండెక్కింది. అది డయాలిసిస్ రోజు. ఆటో ఎప్పటిలాగే మా గోడ పక్కన ఉంది, ఆమె తమ్ముడు స్టీరింగ్ పట్టుకుని కూర్చున్నాడు. అవతల ఆయన వాకిట్లో తయారై ఉన్నాడు. మా చెల్లె కల్వర్టు మీదుగా నడిచి రిబ్బన్ దాకా వచ్చి ఆగింది. సార్ వచ్చి కత్తిరించేదాకా బండి పోవద్దని కమిషనర్ అన్నాడు. ఆ రోజు అంతమంది పెద్దమనుషుల ముందు తగ్గని ఆమె, ఆ ఎర్ర రిబ్బన్ ముందు ఏం చేయాలో తెలియక నా వైపు చూసింది.

నేను పోయి ఒకవైపు ముడి విప్పాను. మేడం, ప్రోటోకాల్ అని కమిషనర్ వెంటపడ్డాడు. సార్ వచ్చేసరికి కట్టేస్తామని చెప్పాను. దగ్గు వినబడుతుందేమోనని వెనక్కి చూశాను. మా ఆయన దగ్గలేదు. విప్పిన రిబ్బన్ కొస నేలకు తగలకుండా పట్టుకుని పక్కన నిలబడ్డాడు. ఆటో ముగ్గు మీదుగా, పూల మీదుగా, కల్వర్టు దాటి తండాలోకి పోయింది. కాసేపటికి వెనక్కి వచ్చింది. వెనక సీట్లో ఆయన నిటారుగా కూర్చున్నాడు. కుర్చీ లేదు. నన్ను దాటుతుంటే, ఒకప్పుడు బేరాలకు పిలిచినట్టే తల బయటికి పెట్టి, "దవాఖానకొస్తవా అక్కా, జాగున్నది" అన్నాడు. మా చెల్లె ఆయన్ని మోచేత్తో పొడిచింది.

రిబ్బన్ మళ్లీ కట్టాం. ఎమ్మెల్యే వచ్చాడు, ఎమ్మెల్సీ వచ్చాడు. శాలువాలయ్యాయి. పళ్లెంలో కత్తెర ఇస్తే తీసుకుని వంగిన ఎమ్మెల్యే, ముగ్గు మీద ఆటో టైర్ల గుర్తులు చూసి ఆగాడు. కమిషనర్ నేల చూపులు చూస్తున్నాడు. ఎమ్మెల్యే పక్కనే ఉన్న నా వైపు తిరిగి, మైకుకు అందనంత మెల్లగా అడిగాడు.

"పోయిండా ఆయన?"

"పోయిండు సార్."

"మంచిదమ్మా" అన్నాడు. రిబ్బన్ కత్తిరించాడు. చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత మైకు పట్టుకుని, ఈ కల్వర్టు తన చిన్ననాటి కల అని చాలాసేపు చెప్పాడు. ఎమ్మెల్సీ తనది అంతకంటే పాత కల అన్నాడు.

ఆ సాయంత్రం మా ఇంటి ముందు ఆటో ఆగలేదు. నేరుగా వాళ్ల ఇంటి దాకా పోయింది. మర్నాడు వాకిలి ఊడుస్తూ గోడ పక్కకు వచ్చాను. ఇన్నాళ్లూ ఆటో నిలిపిన చోట నూనె మరక ఒకటి మిగిలి ఉంది. దాని మీద కూడా చీపురు వేశాను, అది పోలేదు. కళ్లు తడిశాయి, సంతోషంతోనే. అప్పుడే ఎవరో గేటు దగ్గరికి వచ్చి, కౌన్సిలరమ్మ ఉందా అని మా ఆయనను అడిగారు. ఉన్నదని చెప్పి, ఆయన చాయ పెట్టడానికి లోపలికి పోయాడు.